గడప దాటిన తరవాత: ఉన్నత విద్యలో తెలుగు మాధ్యమం

2021వ సంవత్సరంలో తెలుగు విద్యార్థికి సంబంధించి పరస్పర విరుద్ధమైన రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలలన్నింటిలోను ఇకపై ఇంగ్లీషు మాధ్యమమే ఉంటుందని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూన్ నెలలో ప్రకటించింది. అదే ఏడాది అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగ్ కోర్సులను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో బోధించుకోవచ్చునని అనుమతి ఇచ్చింది. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులో అందుబాటులోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్‌ను అంతకుముందు నుంచే తెలుగులో రాయవచ్చు. అంటే ఒక విద్యార్థి తెలుగులో పరీక్ష రాసి సీటు సంపాదించి, మరునాడు ఇంగ్లీషు తప్ప మరొక భాష లేని తరగతిలో కూర్చోవచ్చునన్నమాట. గడప దాకా తెలుగు. గడప దాటిన తరవాత ఏమిటన్నది ఎవరి బాధ్యతా కాదు.

ఈ నిర్ణయాల చుట్టూ సాగిన చర్చలో రెండు పక్షాలూ మాధ్యమాన్ని ఒక బోర్డుగానే చూశాయి. కళాశాల ముందు ఏ భాష పేరు రాయాలన్నదే వాదమంతా. తరగతిలో పాఠం ఏ భాషలో సాగుతున్నది, పుస్తకంలోని తెలుగు ఎవరికి అర్థమవుతున్నది, మొదటిసారి కళాశాల మెట్లెక్కిన ఇంటి పిల్ల సందేహాన్ని ఏ భాషలో అడుగుతున్నది అన్న ప్రశ్నలు చర్చలోకి రాలేదు. ఉన్నత విద్యలో అందరికీ చోటు కల్పించడమంటే సీట్లు కేటాయించడం మాత్రమే కాదనుకుంటే, అసలు చర్చ మొదలు కావలసింది ఈ ప్రశ్నలతోనే.

ఉస్మానియా ప్రయోగం

భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనా అన్న ప్రశ్నకు సమాధానం వందేళ్ళ కిందటే హైదరాబాదులో దొరికింది. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా జారీ చేశాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైంది. దానికి అనుబంధంగా ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమా చరిత్ర నుంచి వైద్యం దాకా పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది, వేలాది పారిభాషిక పదాలను నిర్మించింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచుతూనే బోధన మాత్రం ఉర్దూలో సాగించారు. సాంకేతిక విషయాలు దేశభాషలకు లొంగవన్న అపోహకు ఇంతకంటే గట్టి జవాబు అక్కరలేదు.

అయితే ఆ జవాబుకు మరొక ముఖం ఉంది. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు మరెందరో. ఉర్దూ మాతృభాషగా గలవారు అల్పసంఖ్యాకులు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు ఎంత దూరమో, అరబీ పారశీక ధాతువుల నుంచి పుట్టిన ఉర్దూ పారిభాషిక పదమూ అంతే దూరం. దేశభాషలో విద్య అన్న గొప్ప ఆశయం అమలులోకి వచ్చేసరికి, అది ఏ దేశభాష, ఆ భాషలో ఎవరి పలుకుబడి అన్న ప్రశ్నలు మరుగున పడ్డాయి. 1948 తరవాత ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. ప్రయోగం ముగిసింది గాని అది లేవనెత్తిన ప్రశ్న ముగియలేదు.

అకాడమీ తెలుగు

ఉన్నత విద్యలో ప్రాంతీయ భాషలను ప్రవేశపెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో సిఫారసు చేసింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పి. వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలు, అనువాదాలు, శాస్త్రశాఖల వారీగా పారిభాషిక పదకోశాలు అకాడమీ ప్రచురించింది. ఈ కృషిని తక్కువ చేయడానికి వీలులేదు. ఆ పుస్తకాలే లేకపోతే ప్రభుత్వ కళాశాలలలో తెలుగు మాధ్యమంలో చదివిన కొన్ని తరాలవారికి డిగ్రీ అన్నదే ఉండేది కాదు. ఈనాటికీ ఉద్యోగ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు మొదట వెతికేది అకాడమీ పుస్తకాలనే.

కాని ఆ పుస్తకాలలోని తెలుగును కొంచెం ఆగి పరిశీలించాలి. వక్రీభవనం, ఉత్ప్రేరకం, అవకలనం, సమాకలనం, అతిపరావలయం, ద్రవ్యోల్బణం, కిరణజన్య సంయోగక్రియ: ఇవన్నీ లిపిలో తెలుగు, నిర్మాణంలో సంస్కృతం. సంస్కృత పదాలు వాడడమే తప్పని వాదించడం సులభం, కాని అది సరైన విమర్శ కాదు. సంస్కృతంతో పదకుటుంబాలు నిర్మించవచ్చు. గతిజశక్తి, స్థితిజశక్తి అన్న జంటను చూడండి. గతి వల్ల పుట్టినది గతిజం, స్థితి వల్ల పుట్టినది స్థితిజం. ఈ రెండు ముక్కల రహస్యం తెలిసినవాడికి నిర్వచనం బట్టీ పట్టే పని లేదు; పదమే నిర్వచనం. కిరణజన్య సంయోగక్రియ కూడా అంతే. కిరణాల వల్ల పుట్టే కలయిక అని విప్పి చెబితే వృక్షశాస్త్రంలో సగం పాఠం అక్కడే అయిపోతుంది.

చిక్కల్లా ఆ పదాన్ని విప్పి చెప్పేవారు లేకపోవడమే. సంధి, సమాసం, కృదంతం ఇంట్లోనే చెవిన పడిన పిల్లవాడికి పదం దానంతట అదే తెరుచుకుంటుంది. పొలం పనుల నుంచో బీడీలు చుట్టే ఇంటి నుంచో వచ్చిన పిల్లకు అది పది అక్షరాల శబ్దం మాత్రమే; ఆమె దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో దింపి, మరచిపోతుంది. ఒకే పుస్తకం ఒకరికి అర్థాన్ని, మరొకరికి శబ్దాన్ని ఇచ్చింది. తన భాషలోనే చదువుతున్నాననుకున్న విద్యార్థికి అర్థం కాకపోతే ఆమె భాషను తప్పు పట్టదు, తనకే తెలివి లేదనుకుంటుంది. ఇంగ్లీషు అర్థం కాకపోతే చెప్పుకోవడానికి కనీసం ఒక సాకుంటుంది. తెలుగు అర్థం కాకపోతే అదీ లేదు.

మరొక దారి లేకపోలేదు. అకాడమీ ఏర్పడడానికి ఆరేళ్ళ ముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. రైతుల నోట ఊరూరా సేకరించిన వ్యవసాయ పదాలవి. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది. విత్తడానికి తగినంత తేమ నేలలో ఉన్న స్థితిని రైతు ఒక్క మాటలో పదును అంటాడు. నేతగాడికి పడుగు, పేక అన్నవి ఒకదానికొకటి అడ్డంగా సాగే రెండు వరుసల వ్యవస్థ. ఇవి భావనలు, సూక్ష్మమైన పరిశీలన నుంచి పుట్టిన పరిభాష. భాషాశాస్త్రజ్ఞులు ఈ సంపదను పోగుచేసి పెట్టినా పాఠ్యపుస్తక రచయితలు దానివైపు చూసినది తక్కువ. చూసినచోట ఫలితం బాగానే ఉంది. గణితంలో మాత్రిక అన్న పదం కొత్తదైనా, దాని అడ్డు వరుసలు, నిలువు వరుసల దగ్గర ఏ విద్యార్థీ తడబడడు.

తెలుగునాట భాషా సంస్కరణ ఇటువంటి ప్రశ్నతోనే పుట్టిందన్న సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావులు వ్యావహారికం కోసం పోరాడినది సాహిత్య శైలి గురించి మాత్రమే కాదు. వివాదం రగిలినది ఇంటర్మీడియట్ విద్యార్థుల వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న విషయం మీద. మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఆ సందర్భానిదే. కథలకు, పత్రికలకు సంబంధించినంతవరకు ఆ పోరాటం గెలిచింది. శాస్త్ర పాఠ్యపుస్తకం దగ్గర మాత్రం వ్యావహారికం క్రియాపదాలకే పరిమితమైంది. నామవాచకాలలో గ్రాంథికం క్షేమంగా నిలిచి ఉంది.

గిడుగు జీవితంలో మరొక పాఠం కూడా ఉంది. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. మాతృభాషలో విద్య అన్న నినాదం తెలుగు రాష్ట్రాలలో వినిపించినప్పుడల్లా అది తెలుగులో విద్య అన్న అర్థమే తీసుకుంటుంది. గోండి, కోయ, సవర, లంబాడీ, ఉర్దూ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు మాధ్యమమే పరభాషా మాధ్యమం. ఉస్మానియాలో తెలుగువారికి జరిగినది తెలుగు మాధ్యమంలో వీరికి జరుగుతున్నది.

ఇంగ్లీషు కోరేవారి వాదం

తెలుగు మాధ్యమాన్ని సమర్థించేవారిలో ఎక్కువమంది పిల్లలు ఇంగ్లీషులో చదువుతున్నారన్న ఎత్తిపొడుపు పాతదే అయినా దాన్ని తోసిపుచ్చడానికి వీలులేదు. కంచ ఐలయ్య వంటి రచయితలు ఇంగ్లీషు మాధ్యమాన్ని దళిత బహుజనుల హక్కుగా కోరడం వెనుక ఉన్న తర్కం బలమైనది. ఉద్యోగం, న్యాయస్థానం, పరిశోధన, విదేశయానం అన్నీ ఇంగ్లీషులో నడుస్తుండగా పేదలకు మాత్రం భాషాభిమానాన్ని పంచిపెట్టడం న్యాయం కాదు. విదేశాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ వాదం మరీ సూటిగా తగులుతుంది. తాము ఎక్కి వచ్చిన నిచ్చెన ఇంగ్లీషే.

ఈ వాదాన్ని అంగీకరించినవారు కూడా ఒక తేడా గమనించాలి. ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంగ్లీషులో నేర్పామని ప్రకటించడం వేరు. పన్నెండేళ్ళు తెలుగులో చదివిన విద్యార్థిని ఒక ఉత్తర్వుతో ఇంగ్లీషు తరగతిలో కూర్చోబెడితే అతనికి దక్కేది ఇంగ్లీషు కాదు, మౌనం. ప్రశ్న అడగాలంటే వాక్యం కూర్చుకోవాలి. వాక్యం కూర్చుకునేలోగా పాఠం దాటిపోతుంది. వెనుక బెంచీలో ఏర్పడిన ఆ మౌనాన్ని అధ్యాపకుడు అశ్రద్ధగా, తోటివారు అసమర్థతగా చదువుతారు. రిజర్వేషన్ ద్వారా వచ్చిన విద్యార్థి విషయంలో ఆ చదువు కులం పేరుతో జరుగుతుంది. ప్రతిభ లేదన్న మాట చాలాచోట్ల ఇంగ్లీషు రాదన్న మాటకు మారుపేరు.

తరగతిలోని మూడవ భాష

నిజానికి ఏ మాధ్యమం పేరు రాసుకున్న కళాశాలలోనైనా పాఠం జరిగే భాష ఒక్కటే. "ఈ ఈక్వేషన్‌ను ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చేస్తే స్లోప్ వస్తుంది కదా, ఆ స్లోప్ సున్నా అయినచోట ఏమవుతుంది?" అన్న ధోరణిలో సాగే ఆ భాషలో నామవాచకాలు ఇంగ్లీషువి, వాక్యం తెలుగుది. వివరణ, హెచ్చరిక, పోలిక, హాస్యం అన్నీ తెలుగులోనే. విద్యార్థికి విషయం బోధపడేది ఇక్కడ. అయినా ఈ భాషకు పుస్తకం లేదు, పరీక్షలో చోటు లేదు. తెలుగు అభిమానులకు అది సంకరం, ఇంగ్లీషు అభిమానులకు అది లోపం. విద్యార్థి ఒక భాషలో అర్థం చేసుకుని, రెండవ భాషలో చదివి, ఆ రెండూ కాని బట్టీ భాషలో పరీక్ష రాస్తున్నాడు.

ఇతర దేశాలలో ఈ వాస్తవాన్ని గుర్తించిన విద్యావేత్తలున్నారు. వేల్స్‌లో 1990లలో కెన్ విలియమ్స్ ఒక భాషలో చదివి మరొక భాషలో చర్చించే పద్ధతికి శాస్త్రీయమైన పేరు, రూపం ఇచ్చాడు. దక్షిణాఫ్రికాలో, తెలుగు కూలీల వారసులు నేటికీ ఉన్న నటాల్ ప్రాంతంలోని క్వాజులు నటాల్ విశ్వవిద్యాలయం 2006లో ఇంగ్లీషు, జులు భాషలు రెండింటినీ బోధనాభాషలుగా అంగీకరించే విధానాన్ని ఆమోదించింది. అమెరికా విశ్వవిద్యాలయాలలో చదివిన తెలుగువారికి అక్కడి రైటింగ్ సెంటర్లు, అధ్యాపకుడి గదిలో ప్రశ్నలడిగే ఆఫీస్ అవర్లు పరిచయమే. భాష రాకపోవడం అక్కడ చాలావరకు దిద్దుకోదగిన విషయం, దాచుకోవలసిన అవమానం కాదు. ఆ సదుపాయాన్ని అనుభవించినవారు తమ ఊరి కళాశాలకు తెలుగు మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవడం ఆశ్చర్యకరం.

చేయదగినవి పెద్ద పనులేమీ కావు. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలకు 2020 నుంచి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి; మాధ్యమం మీద ఎంత రగడ జరిగినా ఈ చిన్న ఏర్పాటు విలువైనది. అది పాఠశాలతో ఆగకుండా డిగ్రీ, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరాలకు రావాలి. పారిభాషిక పదం వచ్చిన ప్రతిచోటా దాని ఇంగ్లీషు రూపం, దాని ముక్కల అర్థం, వీలైతే వాడుకలో ఉన్న తెలుగు మాట పక్కపక్కనే ఉండాలి. అంతర్గత పరీక్షలలోనైనా రెండు భాషలు కలిపి రాసిన జవాబును, విషయం సరిగా ఉంటే, పూర్తి మార్కులకు అర్హమైనదిగా చూడాలి. ప్రవాసంలో ఉంటూ తెలుగులో విజ్ఞాన రచనకు, నిఘంటు నిర్మాణానికి దశాబ్దాలు వెచ్చించిన వేమూరి వేంకటేశ్వరరావు వంటివారి కృషి ఈ పనికి పునాది కాగలదు. ఇంగ్లీషు మాత్రం ఒక సబ్జెక్టుగా, ఓపికగా, ప్రతి విద్యార్థికీ నిజంగా నేర్పాలి. ఉస్మానియా వందేళ్ళ కిందట చేసినది అదే.

మాధ్యమం చర్చ భాష గౌరవం గురించి సాగినంతకాలం గెలిచేవారు ఇరుపక్షాల వక్తలే. అది విద్యార్థి గురించి మొదలైనప్పుడు తేలవలసినది ఒక్కటే: ఈ రోజు తరగతిలో ఎవరికి అర్థం కాలేదు, ఆ సంగతి చెప్పడానికి వారికి ఏ భాష మిగిలింది?