కడగని బస్సు

సన్‌బోర్డుతో బస్సు బొమ్మ కట్టడం ఒక ఎత్తు, దాన్ని పాతబరచడం మరో ఎత్తు. మన ఎర్రబస్సును 1:50 స్కేలులో చేస్తే జానెడుంటుంది. వెనక నిచ్చెన, టాపు మీద క్యారియరు, అద్దాల చువ్వలు అన్నీ కొలతకు కుదిరినా అది షోరూము బండిలాగే కనిపిస్తుంది. కల్యాణదుర్గం రోడ్డు మీద అంత శుభ్రమైన బస్సును ఎవరైనా చూశారా?

మన బొమ్మల్లో మాసిన బండి అరుదు. కొండపల్లి ఎడ్లబండినే తీసుకోండి. తెల్లపొణికి కర్ర, చింతపిక్కల పిండితో అతుకు, పైన నిగనిగలాడే రంగు, అచ్చం పెళ్లికొడుకులా ఉంటుంది. ముద్దొస్తుంది గానీ చక్రానికి మన్ను అంటదు. పాతబరిచే విద్య కావాలంటే పడమటి పుస్తకాలు తిరగెయ్యాలి. షెపర్డ్ పైన్ 1980లో తెచ్చిన డయోరమాల (బొమ్మలతో కట్టే దృశ్యాల) పుస్తకం వాటిలో పేరున్నది. ఈ విద్యలో ఎక్కువగా కనిపించేవి యుద్ధ ట్యాంకులు, బురద, తుప్పు.

ఆ తుప్పు మా అనంతపురంలో అతకదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిస్తేనే. పైగా బస్సు ఒంటికి చుట్టేది ఎక్కువగా అల్యూమినియం రేకు. గీరుకుంటే తెల్లగా మెరుస్తుందే తప్ప ఎర్రబడదు. అందుకే గీతలకు నేను వెండి రంగే వాడతాను. అనంతపురం బండిని ముసలిదాన్ని చేసేవి ఎండ, ఎర్రదుమ్ము. టాపు మీద ఎరుపు వెలిసి గులాబీకి తిరుగుతుంది. కిటికీల కింద మాత్రం రంగు నిలుస్తుంది, వాంతుల చారలతో సహా. అవీ వెయ్యాల్సిందే, మొహమాటం పనికిరాదు.

దుమ్ముకు అంగట్లో కొనే పొడి అక్కర్లేదు, చేను గట్టున ఎర్రమన్ను చాలు. అయితే 1:50లో మిల్లీమీటరులో పదోవంతు రేణువు అర సెంటీమీటరు రాయితో సమానం. కాబట్టి మన్ను బాగా నూరి, పాత పంచెలో జల్లించి, గుడ్డలోంచి దిగిన మెత్తని పొడినే వాడాలి. దాన్ని పొడి కుంచెతో చక్రాల పైన, మెట్ల దగ్గర అద్దాలి. అన్నిటికన్నా ఎక్కువ వెనక. బస్సు పరిగెత్తేటప్పుడు దాని వెనక గాలి పీడనం తగ్గి, చక్రాలు లేపిన దుమ్మంతా సుడి తిరిగి అక్కడికే చేరుతుంది. ముందద్దం మీద వైపరు తుడిచిన వంపు వదిలెయ్యాలి.

నాకు బాగా నచ్చేది జూన్ తుంపర. బండిని కడిగేంత వాన కాదు, దుమ్ము మీద చుక్కలు పొడిచి పోయేంత. పాత టూత్‌బ్రష్షును నీళ్లలో ముంచి, బొటనవేలితో చిమ్మితే పొడి మీద సన్నని గుంటలు పడతాయి. ఆరాక మెరుపులేని వార్నిష్‌ను దూరం నుంచి పలచగా కొట్టాలి. దగ్గర్నుంచి కొడితే దుమ్మంతా తడిసి నల్లబడుతుంది.

ఒక రిటైరైన డ్రైవరు నా బస్సును చేతిలోకి తీసుకుని ముందు తిప్పి వెనక చూశాడు. "సాలదు సార్, ఎనకద్దం అస్సలు కనపడగూడదు" అన్నాడు. పుస్తకాలన్నిటికన్నా ఆ మాటనే ఎక్కువ నమ్ముతాను.

ఈ పని మొదలుపెట్టాలనుకుంటే ముందు బస్టాండుకు వెళ్లండి. ఊళ్లు తిరిగొచ్చిన బండిని డిపోలో కడగకముందే ఫోటో తియ్యండి. ముందువైపు ఒకటి చాలు, వెనక నాలుగు తియ్యండి.