రాజమహేంద్రవరం మండలి చరిత్ర సంచికలు: ఒక పరిశీలన

స్థానిక చరిత్ర సంఘాల కృషిని గురించి మనవాళ్లు రాసేటప్పుడు సాధారణంగా ఒక పట్టిక ఇస్తారు. ఇన్ని తామ్రశాసనాలు దొరికాయి, ఇన్ని సభలు జరిగాయి, ఇందరు జమీందారులు విరాళాలిచ్చారు అంటారు. ఆ పట్టిక అవసరమే కాని, అది విమర్శ కాదు. ఒక సంఘం ఏమేమి కనుగొన్నది అనే ప్రశ్నతోపాటు, కనుగొన్నదాన్ని ఎవరి చేతికి, ఏ రూపంలో అందించింది అని కూడా అడగాలి. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ప్రచురించిన ప్రత్యేక సంచికలను ఈ రెండో ప్రశ్నతో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఆంధ్రదేశపు సరిహద్దులకు ఆవల తెలుగు చదువుకుంటున్న మనకు ఈ పరిశీలన మరింత అవసరం. కారణం ముందుముందు తెలుస్తుంది.

మండలి 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడింది. చాళుక్య రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, అంటే క్రీ.శ. 1022లో జరిగింది. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భమే మండలి పుట్టుకకూ, రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచికకూ నేపథ్యం. న్యాయవాది భావరాజు వేంకట కృష్ణారావు, చరిత్రోపన్యాసకులు రాళ్లబండి సుబ్బారావు మొదలైనవారు మండలిని నడిపించారు. 1926 జూలై నుంచి ఇంగ్లీషులో త్రైమాసిక పత్రిక వెలువడింది. తెలుగులో 1930లో కళింగ సంచిక, 1935లో మారేమండ రామారావు సంపాదకత్వాన కాకతీయ సంచిక, 1947లో రెడ్డి సంచిక వచ్చాయి. వీరిలో ఎక్కువమంది వృత్తిరీత్యా పురావస్తు శాఖకు చెందినవారు కారు. కోర్టు పనీ, కాలేజీ పాఠమూ అయిన తరవాత మిగిలిన వేళల్లో చేసిన పని ఇది. ఆ సంగతి మరచి ఈ సంచికలను తూచడం న్యాయం కాదు. వారు ఔత్సాహికులు కదా అని అసలు తూచకపోవడం కూడా గౌరవం కాదు.

మొదట గమనించవలసింది భాషల విభజన. పత్రిక ఇంగ్లీషులో, సంచికలు తెలుగులో. దీనికి సబబైన కారణం ఉంది. తూర్పు గాంగుల తామ్రశాసనాల మీద పనిచేసేవారు ఒరియా ప్రాంతంలోనూ, కలకత్తాలోనూ, నాగపూరులోనూ ఉన్నారు. వారితో వాదించాలంటే తెలుగు చాలదు. గాంగశకం ఏ సంవత్సరంలో మొదలైందన్న చిక్కు ప్రశ్న మీద పత్రికలో సాగిన చర్చ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకరు ప్రతిపాదించిన సంవత్సరాన్ని మరొకరు గ్రహణాలూ తిథులూ లెక్కవేసి కాదన్నారు. చివరికి వి.వి. మిరాశీ నిర్ణయించిన క్రీ.శ. 498 ఎక్కువమందికి సమ్మతమైంది. మండలివారి సంవత్సరం నిలిచిందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. శాసనపాఠాన్ని అచ్చువేసి నలుగురి ముందు పెట్టారు కాబట్టే వారిని కాదనడం ఇతరులకు సాధ్యమైంది. పరిశోధక సంఘం లోకానికి చేయగల మొదటి ఉపకారం అదే.

అయితే ఈ ఉపకారం తెలుగు పాఠకుడికి అందలేదు. తామ్రశాసనం పాఠం, దాని మీద తర్కం ఇంగ్లీషు పత్రికకు వెళ్లాయి. తెలుగు సంచికకు చాలావరకు ఫలితాంశం వచ్చింది. అంటే, ఇంగ్లీషు చదివినవాడికి ఆధారం, తెలుగు మాత్రమే చదివినవాడికి నిర్ణయం. ఆధారం చూడగలిగినవాడు ప్రశ్నిస్తాడు. నిర్ణయం మాత్రమే విన్నవాడు నమ్ముతాడు, లేదా గర్వపడతాడు. మన చరిత్ర రచనలో గర్వం పాలు ఎక్కువ కావడానికి ఈ పంపకం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులు. చరిత్రను తెలుగులోనే చెప్పాలన్నది ఆ మండలి పట్టుదల. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము 1910లో ఆ మండలి ద్వారానే మొదలైంది. రాజమహేంద్రవరంవారు ఆ దారిలో సగమే నడిచారు.

కళింగ సంచికది ప్రత్యేక స్థితి. మిగిలిన మూడు సంచికలూ ఒక రాజు పేరనో, ఒక వంశం పేరనో వచ్చాయి. ఇది ఒక్కటే ఒక ప్రాంతాన్ని ప్రమాణంగా తీసుకుంది. పద్ధతి దృష్ట్యా ఇది పెద్ద ముందడుగు. రాజవంశాలు మారినా గుడీ, చెరువూ, దారీ, రేవూ అక్కడే ఉంటాయి. కాని సంచిక వెలువడిన సమయం చూడండి. ఒరియా ప్రాంతాలను ఒక రాష్ట్రంగా కూర్చాలన్న ఉద్యమం బలపడి ఉంది. సరిహద్దులు తేల్చడానికి 1931లో ఓడొనెల్ కమిటీ ఏర్పడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. బరంపురం, పర్లాకిమిడి పట్టణం అటు చేరాయి. పర్లాకిమిడికి కొద్ది దూరంలోనే ఉన్న ముఖలింగం ఇటు మిగిలింది. అలాంటి రోజుల్లో కళింగ చరిత్ర రాయడమంటే, రాసినవారి ఉద్దేశం ఏదైనా, చదివేవారికి అది భూమి దస్తావేజులాగా కనిపించక మానదు.

శాసనాలు ఆ దస్తావేజు పనికి ఒప్పుకోవు. ముఖలింగాన్ని తీసుకుందాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు ఎవరి దగ్గరా శిక్షణ లేకుండా ఆ గుడి శాసనాల లిపి నేర్చుకుని, గాంగుల కళింగనగరం అదేనని వాదించారు. ఆ గోడల మీద తెలుగు ఉంది, సంస్కృతం ఉంది. పూరీ జగన్నాథాలయంతో పేరు ముడిపడిన అనంతవర్మ చోడగంగుడు ఈ ముఖలింగం రాచరికంలోంచి వచ్చినవాడే. ఆయన తల్లి రాజసుందరి చోళుల ఆడబడుచు. మరోవైపు, ఒరియా భాషలో తేదీ తెలిసిన అతి పురాతన శాసనాల్లో మొదట చెప్పుకొనే 1051 నాటి ఉరజాం శాసనం నేటి శ్రీకాకుళం జిల్లాలోది. సింహాచలంలో తెలుగు, సంస్కృత శాసనాల మధ్య ఒరియా శాసనాలూ ఉన్నాయి. గజపతి మీద గెలిచిన కృష్ణదేవరాయలు 1516లో వేయించిన శాసనమూ అదే గుడిలో ఉంది. వీటిలో దేనిని తీసి పక్కన పెట్టినా కళింగ చరిత్ర కుంటుపడుతుంది. గంజాం, గజపతి జిల్లాల్లో ఉన్న తెలుగువారికి ఈ సంగతి పుస్తకంతో పని లేకుండా తెలుసు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, గుడిలో రెండూ అన్నది వారి నిత్యానుభవం. అందుచేత కళింగ సంచికను ఇవాళ చదవవలసింది 'ఇది మనది' అనిపించుకోవడానికి కాదు, ఒక ప్రాంతం ఎన్ని భాషల్లో తన మాట చెప్పుకుందో చూడటానికి. సంచిక ఆ అవకాశం కల్పించింది. దాన్ని పూర్తిగా వాడుకునే పని మిగిలే ఉంది.

నా దృష్టిలో నాలుగింటిలోనూ ఉత్తమమైనది కాకతీయ సంచిక. ఓరుగల్లు అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. బ్రిటిషు పాలనలో ఉన్న గోదావరి గట్టు మీది సంఘం ఆ రాజధాని చరిత్రకు పూనుకోవడం విశేషమే. అదే 1935లో హైదరాబాదునుంచి లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనములు మొదటి సంపుటం వెలువరించింది. రెండు రాజ్యాల్లోని రెండు మండలులు ఒకే ఏడాది ఒకే కాలపు చరిత్ర మీద పుస్తకాలు తేవడం యాదృచ్ఛికం కావచ్చు, కాని అది ఆనాటి ఆకాంక్షకు గుర్తు. ఈ రెండింటిలో హైదరాబాదు పుస్తకం ముఖ్యంగా మూలాల సంపుటం, రాజమహేంద్రవరం పుస్తకం ముఖ్యంగా వ్యాస సంపుటం. అయితే కాకతీయ సంచికకు ఒక శాసనానుబంధం ఉంది. నేను ఉత్తమం అనడానికి కారణం ఆ అనుబంధమే.

వ్యాసాల్లోని నిర్ణయాలు కొన్ని కాలం గడిచేకొద్దీ సడలిపోయాయి. రుద్రమదేవి పాలన 1295 ప్రాంతం వరకు సాగిందని చాలాకాలం అనుకున్నారు. తరవాత నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వెలుగుచూసింది. 1289 నవంబరు నాటి ఆ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, మరణించిన రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా దానం చేశాడు. బయ్యారం చెరువు శాసనాన్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిష్కరించి ప్రకటించాక కాకతీయుల తొలితరం పేర్ల వరుసే మారింది. సంచికలోని వ్యాసాలకు ఇప్పుడు అడుగడుగునా సవరణలు కావాలి. అనుబంధంలోని శాసనపాఠాలను మాత్రం తరవాతి పరిశోధకులు సంఖ్యతో సహా ఉదహరిస్తూనే ఉన్నారు. అభిప్రాయం పాతబడుతుంది, పాఠం పాతబడదు. ఏ స్థానిక సంఘమైనా గోడ మీద రాసి పెట్టుకోదగిన మాట ఇది.

చందుపట్ల శాసనం మరో విషయం కూడా చెబుతుంది. ఒక మహారాణి మరణకాలాన్ని మనకు తెలియజెప్పింది ఆస్థానకవి కాదు, పెద్దగా పేరులేని ఒక దాత. రెడ్డి సంచిక విషయంలో నాకున్న అసంతృప్తికి మూలం ఇక్కడే ఉంది. కొండవీడు, రాజమహేంద్రవరం రాజ్యాల చరిత్రకు ఆ సంచిక అవసరమే. మరుసటి ఏడాది, 1948లో, మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డిరాజ్యాల చరిత్ర ఇంగ్లీషులో వచ్చింది. అది రాజకీయ చరిత్రతో ఆగక వర్తకం, వ్యవసాయం, ఆటపాటల దాకా వెళ్లింది. ఆ వెడల్పు సంచికల ప్రణాళికలోనే ఉండవలసింది. వంశం పేరు అట్టమీద పెట్టినప్పుడు చదివేవాడు ముందుగా తన కులం పేరో, తన జిల్లా పేరో వెతుక్కుంటాడు. ఆ దోషం పూర్తిగా రచయితలది కాదు, అయినా విభాగం వారు చేసిందే.

అదే గోదావరి మండలంలో, యానానికి దగ్గరగానే, దాక్షారామం ఉంది. ఆ గుడి శాసనాలు దక్షిణభారత శాసనాల నాలుగో సంపుటంలో 1923లోనే అచ్చయ్యాయి. వాటిలో పదేపదే కనిపించేది అఖండదీపం. దాత ఇన్ని పశువులో ఇన్ని ఇనుపఎడ్లో ఇస్తాడు. ఒక బోయ వాటిని చేకొని నిత్యం మానెడు నెయ్యి పోయడానికి ఒప్పుకుంటాడు. తన తరవాత తన కొడుకులూ మనుమలూ పోయాలి. దాత పేరు, బోయ పేరు, మంద సంఖ్య, కొలపాత్ర అన్నీ రాతిలో ఉన్నాయి. పాల ఆర్థికవ్యవస్థ, వంశపారంపర్యమైన బాధ్యత, గుడి పెట్టుబడి అన్నీ ఆ నాలుగు పంక్తుల్లో ఇమిడాయి. మండలి కార్యాలయానికి ఇంత దగ్గరలో ఉన్న ఈ మనుషుల పేర ఒక్క ప్రత్యేక సంచికా రాలేదు.

భాషాశాస్త్రం చదివేవారికి కూడా ఇదే ఫిర్యాదు ఉంటుంది. వాడుకభాషకు పట్టుబట్టిన గిడుగు రామమూర్తి శాసనాలు చదివారు. గ్రాంథికానికి పట్టుబట్టిన జయంతి రామయ్య పంతులూ శాసనాలు చదివారు. యుద్ధమల్లుని బెజవాడ శాసనాన్ని పరిష్కరించింది ఆయనే, 1948లో వెలువడిన తెలుగు శాసనాల సంపుటానికి సంపాదకులూ ఆయనే. ఎదురెదురు పక్షాలవారు ఒకే రాతి దగ్గరకు వెళ్లారంటే, రాతిలో భాషకు సంబంధించిన సాక్ష్యం ఎంత ఉందో ఊహించవచ్చు. చరిత్ర సంచికలు ఆ సాక్ష్యాన్ని రాజుల తేదీల కోసం వాడుకున్నంతగా తెలుగు మాట కోసం వాడుకోలేదు.

ఇక మన సంగతి. బెంగుళూరులో 1909లో స్థాపించిన మిథిక్ సొసైటీ ఇటీవలి సంవత్సరాల్లో ఆ నగరమూ పరిసరాల్లోని శాసనశిలలను త్రిమితీయ స్కానింగుతో నమోదు చేయిస్తున్నది. అరిగిపోయి కంటికి ఆనని అక్షరాలు కూడా తెరమీద తేలుతున్నాయి. ఆ ప్రాంతపు శిలల్లో కన్నడంతోపాటు తమిళం, తెలుగు కూడా ఉన్నాయి. కోలారు జిల్లా శాసనాలను రైస్ 1905లోనే ప్రకటించాడు. అంటే రాయి దొరకడం, నకలు తీయడం ఇవాళ అంత పెద్ద ఇబ్బంది కాదు. చదివేవారే తక్కువ. కోలారు, హోసూరు, బరంపురం ప్రాంతాల తెలుగు శాసనాలను తెలుగు భాషా చరిత్ర తెలిసినవారు చదవకపోతే, వాటిలో పాఠం మిగులుతుంది గాని పలుకు మిగలదు. ఊరిపేరు వెనక ఉన్న తెలుగు మాట, కొలతకు వాడిన మాండలికపదం, పక్కభాషనుంచి వచ్చి చేరిన క్రియారూపం, ఇవి లిపి తెలిసినంత మాత్రాన పట్టుబడవు.

మన విద్యార్థులకు సిద్ధాంత వ్యాసాల కోసం కావ్యాలను పంచి ఇవ్వడం అలవాటైంది. ఒక్కొక్కరికి సొంత తాలూకాలోని పది శాసనాలు ఇస్తే ఏమవుతుంది? శాసనపాఠం, నేటి తెలుగులో తాత్పర్యం, అందులోని మనుషుల పట్టిక, నేటి ఊరిపేర్లతో పోలిక, ఈ నాలుగూ ఉంటే చాలు. పక్కభాష శాఖవారితో కలిసి కూర్చుంటే రెండు భాషలున్న శిలలకు న్యాయం జరుగుతుంది. ఈ ఫలితాన్ని మాత్రం ముందుగా తెలుగులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ అచ్చువేయాలి. ఇంగ్లీషు తరవాత రావచ్చు. రాజమహేంద్రవరంవారు తమ తీరిక వేళల్లో, చేతి ఖర్చుతో శాసనాలు సేకరించి ఇంత చేశారు. వారి కాకతీయ సంచిక అనుబంధం మనకు నమూనా, వారి తెలుగు పాఠకుడికి అందని ఇంగ్లీషు పత్రిక మనకు హెచ్చరిక. మొదటిదాన్ని అనుసరించి రెండోదాన్ని సరిదిద్దుకోవడమే వారి ఋణం తీర్చుకునే మార్గం.