దూరప్రయాణానికి తోలు సీటు: ఎంపిక, అమరిక, సంరక్షణ

పాపాఘ్ని నది పెన్నలో కలిసే కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో సైకిలు తొక్కేవారికి దారీ, ఎండా రెండూ పరీక్ష పెడతాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా గండికోట వైపు సాగే దారుల్లో సిమెంటు లారీలు, నాపరాళ్ల లోడ్లు ఎడతెగక తిరుగుతుంటాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇటువంటి చోట గంటల తరబడి సైకిలు తొక్కేవారిలో కాళ్ల సత్తువ ఇంకా మిగిలి ఉండగానే కూర్చునే భాగం అలిసిపోవడం సర్వసాధారణం. ఈ బాధకు మందుగా చాలామంది మెత్తటి సీటునో, స్పాంజి కవరునో కొంటారు. అయితే దూరప్రయాణంలో సుఖం మెత్తదనం వల్ల గాక, ఎముకలకు దొరికే సరైన ఆధారం వల్ల కలుగుతుందనే సత్యాన్ని తోలు సీటు సంప్రదాయం నూరేళ్లకు పైగా నిరూపిస్తూ వచ్చింది.

మనిషి కూర్చున్నప్పుడు శరీరభారాన్ని మోయవలసినవి కటి అడుగున రెండు పక్కలా ఉండే గుండ్రని ఎముకలు. వీటిని ఆసనాస్థులు అంటారు. వీటి మధ్య ఉండే మెత్తటి కండరాలకు, రక్తనాళాలకు, పుడెండల్ అనే నరానికి బరువు మోసే శక్తి లేదు. స్పాంజి సీటు మీద కూర్చోగానే ఎముకలు లోపలికి దిగబడి, పక్కలకు నెట్టుకుపోయిన స్పాంజి మధ్యభాగంలో పైకి ఉబ్బి, సరిగ్గా ఒత్తిడి పడకూడని చోటనే ఒత్తుతుంది. తిమ్మిరికి ప్రధాన కారణం ఇదే కాబట్టి, మొదటి పది నిమిషాలు హాయిగా అనిపించిన సీటు మూడో గంటలో శత్రువుగా మారుతుంది.

తోలు సీటు నిర్మాణం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1866లో గుర్రపు జీనుల వ్యాపారం మొదలుపెట్టిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1882లో సైకిలు సీటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన స్థాపించిన సంస్థ చేసే బి17 అనే సీటు 19వ శతాబ్దం చివరినుంచి నేటిదాకా దాదాపు అదే రూపంలో వస్తున్నది. ఇందులో దిండు ఉండదు. మందపాటి తోలును తడిపి, అచ్చు మీద సాగదీసి, ముందు ముక్కు దగ్గరా వెనుక ఇనుప పట్టీ దగ్గరా రివెట్లతో బిగిస్తారు. నులక మంచం పట్టెల మధ్య నులకలాగా ఆ తోలు గాలిలో బిగుతుగా నిలిచి, పరుపు లేకుండానే శరీరానికి తగినట్టు వంగుతుంది. వదులైనప్పుడు మంచానికి కాళ్లవైపు తాళ్లు లాగి బిగించినట్టే, సీటుకు ముక్కు కింద ఉండే బోల్టును తిప్పి బిగిస్తారు.

ఈ పనికి ఏ తోలైనా సరిపోదు, చెట్ల బెరడుతో పదును చేసినదే కావాలి. చెట్ల బెరడులోని టానిన్లు పచ్చితోలులోని కొలాజెన్ పోగులను పట్టి ఉంచి, కుళ్లకుండా కాపాడతాయి. ఇలా పదును చేసిన తోలు గట్టిగా ఉంటూనే, చెమటకూ వేడికీ కొద్దికొద్దిగా లొంగి, కూర్చునేవారి ఎముకల ఆకారాన్ని తనలో నిలుపుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తగా ఉన్నా అచ్చును నిలుపుకోలేదు. మెట్టనేలల్లో విరివిగా పెరిగే తంగేడు చెక్కను లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే తొట్లలో, వాడి తోలు ఊనే విద్య దక్షిణదేశమంతటా ఉండేది. రాయలసీమ బావుల మీద కపిలలకు తోలు తొండాలు కుట్టి, చెప్పులు చేసి, ఎద్దుల పలుపులు పేనిన మాదిగ వృత్తిదారులకు ఏ తోలు ఎంత సాగుతుందో, ఎక్కడ తెగుతుందో తరతరాలుగా తెలుసు. ఆ పనిని సమాజం చిన్నచూపు చూసింది గాని, సేద్యం ఆ పని మీదనే నడిచింది. ఆ నైపుణ్యానికి దక్కవలసిన గౌరవాన్ని తోలు సీటు గుణం వివరించేటప్పుడైనా చెప్పడం న్యాయం.

సీటు ఎంపికలో మొదటి మెట్టు వెడల్పు. ఇంటి ముందు నాపరాయి అరుగు మీద అట్టపెట్టె ముక్క పరచి, పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, సైకిలు మీద వంగినంత మేరకు ముందుకు వంగి ఒక నిమిషం కూర్చుంటే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల నడిమి బిందువులకు సుద్దముక్కతో గుర్తు పెట్టి, మధ్యదూరం కొలిచి, దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే కావలసిన వెడల్పు తెలుస్తుంది. దూరం 12 సెంటీమీటర్లయితే 14 లేదా 15 సెంటీమీటర్ల స్పాంజి సీటు చాలు. తోలు సీటుకు వెనుక ఇనుప పట్టీ ఉంటుంది కనుక ఎముకలు దానికి తగలకుండా ఇంకొంచెం వెడల్పు కావాలి. స్త్రీలకు కటి సాధారణంగా వెడల్పు కాబట్టి, ఇంట్లో ఒకరికి నప్పిన సీటు మరొకరికి నప్పాలని లేదు.

రెండో మెట్టు భంగిమ. 1949లో మద్రాసులో ఏర్పడిన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్ వంటి పాతకాలపు బండ్ల మీద నిటారుగా కూర్చుంటారు. బరువు దాదాపు మొత్తం సీటు మీదే పడుతుంది గనుక వెడల్పైన సీటు, వెనుక చుట్టు స్ప్రింగులు అవసరమవుతాయి. ముందుకు వంగి తొక్కేవారిలో బరువును చేతులు, కాళ్లు కూడా పంచుకుంటాయి కాబట్టి స్ప్రింగులు లేని ఇరుకైన సీటు మేలు. ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ నియమాల ప్రకారం జరిగే బ్రెవే అనే దూరప్రయాణాల్లో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగించాలి. అంతసేపు కూర్చునేవారు తోలు సీటును నేటికీ ఆదరించడంలో ఆశ్చర్యం లేదు.

మంచి సీటు కూడా అమరిక తప్పితే బాధ పెడుతుంది. మడమను పెడలు మీద ఆనించి, పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకునేంత ఎత్తులో సీటు పైపును బిగిస్తే, మునివేళ్ల మొదలుతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి వస్తుంది, మరీ కిందికి వాలితే శరీరం జారి అరచేతుల మీద భారం పడుతుంది. అందుచేత మొదట సమంగా ఉంచి, పానాతో కొంచెం కొంచెంగా సరిచేయాలి.

కొత్త తోలు సీటు కొన్ని వందల కిలోమీటర్లు తొక్కేదాకా గట్టిగానే ఉంటుంది. తొందరపడి కొబ్బరినూనెనో ఆముదాన్నో పోస్తే తోలు సడలి జోలెలా వేలాడుతుంది. మైనం, కొవ్వు కలిసిన లేపనాన్ని పలుచగా పట్టించాలి. కడప ఎండలో నిలబెట్టిన బండి సీటు ఎండి పగులుతుంది కనుక నీడన ఉంచాలి. వానలో ప్లాస్టిక్ కవరు తొడగాలి, తడిస్తే ఎండలో గాక నీడలోనే ఆరబెట్టాలి. ముక్కు బోల్టును పావు తిప్పుకు మించి ఒకేసారి బిగించరాదు.

తోలు సీటు అందరికీ తగినదని చెప్పడానికి వీల్లేదు. తోలు వాడనివారికి మధ్యలో చీలిక ఉన్న గట్టి సీట్లు ఉన్నాయి; ఎంత సరిచేసినా తిమ్మిరి పోనివారు వైద్యుణ్ణి చూడాలి, ముక్కు లేని సీట్లను పరిశీలించాలి. తోలు సీటు నేర్పే సూత్రం మాత్రం అన్నింటికీ వర్తిస్తుంది: భారం ఎముకల మీద ఉండాలి, మెత్తటి భాగం స్వేచ్ఛగా ఉండాలి. రివెట్టు ఊడితే కొట్టించుకుని, వదులైతే బిగించుకుని దశాబ్దాలు వాడుకోగల వస్తువు ఏడాదికొకసారి పారేసే స్పాంజి కంటే పొదుపు. ధర అడిగే ముందు తన ఎముకల కొలత తెలుసుకున్న కొనుగోలుదారుడే, ఏ అంగడిలోనైనా తనకు తగిన సీటు ఎంచుకోగలుగుతాడు.