టికెట్‌కూ పెట్రోలుకూ మధ్య ఒక రాత్రి

పిఠాపురం నుంచి ఐదుగురున్న కుటుంబం తిరుపతి వెళ్ళి రావాలంటే కారు చవకా, విమానం చవకా? మొన్నమొన్నటిదాకా ఈ ప్రశ్నే ఉండేది కాదు. సామర్లకోటలో రైలెక్కడం తప్ప మరో ఆలోచన తోచేది కాదు. ఇప్పుడు వీధికి నాలుగు కార్లున్నాయి. మధురపూడి విమానాశ్రయంలో రన్‌వేను 3,165 మీటర్లకు పెంచాక పెద్ద విమానాలు దిగుతున్నాయి, 2024 డిసెంబరులో ముంబయికీ ఢిల్లీకీ నేరుగా సర్వీసులు కూడా మొదలయ్యాయి. దాంతో సెలవులు దగ్గరపడేసరికి ఇంటింటా ఈ చర్చే. అయితే ఒక పక్క విమానం టికెట్టు, మరో పక్క పెట్రోలు ఖర్చు పెట్టి తూచడంతోనే లెక్క తప్పిపోతోంది. ఆ రెంటి మధ్యా ఒక రాత్రి ఉంది. దాని ఖరీదు ఎవరూ కట్టడం లేదు.

ముందు అంకెలు చూద్దాం. విమానం మనిషికింత అని తీసుకుంటుంది, కారు కిలోమీటరుకింత అని తింటుంది. తేడా అంతా ఇక్కడే పుడుతుంది. పిఠాపురం నుంచి తిరుపతి సుమారు 620 కిలోమీటర్లు. రానూపోనూ, కొండమీది తిరుగుడూ కలిపి 1,300 అనుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే కారైతే 81 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉంది కాబట్టి పెట్రోలుకే తొమ్మిది వేలు. (యానాంలో లీటరుకు పది రూపాయలకు పైనే తక్కువ, బయల్దేరే ముందు అక్కడ ట్యాంకు నింపుకొచ్చే వాళ్ళూ మన దగ్గర ఉన్నారు.) టోల్‌గేట్లకు రెండు మూడు వేలు. టైర్లు, ఆయిలు, సర్వీసింగు చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ, కిలోమీటరుకు రెండు రూపాయలు వేసుకున్నా 2,600 అవుతుంది. మొత్తం పద్నాలుగు వేల పైచిలుకు. విమానం టికెట్టు ఒక వైపుకు 4,500 అనుకుంటే ఐదుగురికి రానూపోనూ 45,000. రెండేళ్ళు నిండిన పిల్లవాడికి కూడా సీటు కొనాల్సిందే. ఇంటి నుంచి మధురపూడికి ఏడీబీ రోడ్డు మీద డెబ్భై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, రేణిగుంటలో దిగాక మళ్ళీ టాక్సీ, కాబట్టి మరో నాలుగైదు వేలు కలపాలి.

ఇంతవరకూ చూస్తే కారే గెలిచింది. నలుగురూ ఐదుగురూ ఉన్న ఇంటికి కారు చవక అన్న మాట నిజమే, దాన్ని కాదనడం లేదు. నా అభ్యంతరం ఆ పద్నాలుగు వేలను సాధించే పద్ధతి మీద. సాయంత్రం దుకాణం కట్టేసో, ఆఫీసు నుంచి వచ్చో, భోజనం చేసి తొమ్మిదింటికి బయల్దేరతారు. తెల్లారేసరికి అలిపిరి చేరాలని పట్టుదల. గది అద్దె మిగిలింది, పగలు కలిసొచ్చింది అనుకుంటారు. మిగిలిన ఆ గది అద్దె స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషి నిద్రలోంచి వచ్చింది. పొద్దుటి నుంచీ పనిచేసిన ఒళ్ళు అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా రెండింటి నుంచి ఐదింటి మధ్య, ఎంత టీ తాగినా నిద్ర అడుగుతుంది. కళ్ళు తెరిచి ఉండగానే నాలుగైదు సెకన్లు మెదడు మూతపడుతుంది. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ కాస్తలోనే వంద మీటర్లు దాటేస్తుంది. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీకి ఆ వంద మీటర్లు చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. మొత్తం రోడ్లలో జాతీయ రహదారులు వందకు రెండు పాళ్ళే, చావుల్లో వాటి వాటా 36 శాతానికి పైనే. అన్నిటికీ నిద్రే కారణమని ఎవరూ అనరు. కానీ తెల్లవారుజామున టోల్‌గేట్ల దగ్గర పోలీసులు బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖాలు కడిగించి పంపే పని ఊరికే పెట్టుకోలేదు.

విమానం నడిపేవాడి నిద్రను లెక్కపెట్టే చట్టం ఉంది. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించిన కొత్త నిబంధనలు 2025లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. వాటికి సరిపడా సిబ్బందిని సమకూర్చుకోలేక డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలను రద్దు చేసింది. లారీ, బస్సు డ్రైవరుకూ 1961లోనే చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు గీసింది. అమలు ఎంతవరకన్నది వేరే సంగతి, చట్టమైతే ఉంది. సొంత కారులో భార్యాపిల్లల్నీ తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టుకుని పదకొండు గంటలు నడిపే ఇంటాయనకు మాత్రం ఏ హద్దూ లేదు. ఆ హద్దు ఇల్లే పెట్టుకోవాలి.

పెట్టుకుంటే ఖర్చెంత? తెల్లవారి ఐదింటికి బయల్దేరి, ఒంగోలులోనో నెల్లూరులోనో రెండు గదులు తీసుకుని పడుకుంటే, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి ఐదారు వేలు. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, చీరాల మీదుగా వచ్చే 216వ నంబరు రోడ్డూ, విజయవాడ మీదుగా వచ్చే 16వ నంబరు రోడ్డూ ఒంగోలు దగ్గరే కలుస్తాయి కాబట్టి ఏ దారిన వచ్చినా ఆగడానికి అది అనువైన ఊరు. లాడ్జి కలిపినా మొత్తం ఇరవై వేలు. విమానం ఖర్చులో సగం కూడా కాదు. అంటే కారు గెలవడానికి ఎవరి నిద్రా చెడగొట్టనక్కర్లేదు. ఈ సంగతి తెలియకే ఇన్ని కుటుంబాలు రాత్రంతా రోడ్డు మీద ఉంటున్నాయన్నది నా బాధ. ఇద్దరే ప్రయాణమైతే మాత్రం ఫలితం మారిపోతుంది. ఒక గది చాలు గనుక కారుకు పదిహేడు వేలు, విమానానికి టాక్సీలతో సహా ఇరవై రెండు వేలు. ఆ ఐదు వేల తేడాకు మోకాళ్ళ నొప్పులున్న దంపతులు రెండు రోజులు కారులో కూర్చోవాలా అంటే, అక్కర్లేదనే అంటాను.

రాత్రయితే ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు, పిల్లలు నిద్రపోతారు అంటారు. మూడూ నిజమే. పిల్లలు నిద్రపోయేది నడిపేవాడు మేలుకుని ఉంటాడన్న నమ్మకంతోనే. ఎండ బాధకు తెల్లవారుజాము బయల్దేరడం మందు. సెలవు దొరకదు, రెండు రోజులు రోడ్డుకే పోతే ఎలా అన్నది అంతకన్నా బలమైన మాట. రోజు పోతే ఆ రోజు సంపాదన పోయే దుకాణదారుకు పగలు కూడా డబ్బే. అలాంటివాళ్ళు రెండు నెలల ముందే టికెట్టు కొనుక్కుంటే విమానం తప్పేం కాదు. ఆఖరి వారంలో కొంటే మాత్రం ధర ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఆ డిసెంబరు గందరగోళంలో కేంద్రం ధరలకు కళ్ళెం వేసినప్పుడు 500 నుంచి 1,000 కిలోమీటర్ల దూరానికి పెట్టిన గరిష్ఠ ధరే మనిషికి 12,000 రూపాయలు.

మరి రైలు? సామర్లకోటలో బెర్తు ఖాయమైతే తిరుపతికి ఈ చర్చే అనవసరం. థర్డ్ ఏసీలో మనిషికి ఒక వైపు సుమారు వెయ్యి, ఐదేళ్ళలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టే లేదు, పైగా రాత్రి ప్రయాణంలో అందరూ పడుకునే బండి అదొక్కటే. రిజర్వేషను 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తారు, వేసవిలో చూస్తూండగానే వెయిటింగ్ లిస్టులోకి పోతుంది. కాబట్టి మొదట దానికి ప్రయత్నించి, దొరకకపోతేనే మిగతా రెంటి దగ్గరికి రావాలి. ఊటీ లాంటి దూరాలు వేరు. పన్నెండు వందల కిలోమీటర్లకు కారంటే ఒక వైపే రెండు పగళ్ళు. 2024 మే నుంచి ఊటీ, కొడైకెనాల్‌లకు బండి వెళ్ళాలంటే ఈ-పాస్ కూడా తీసుకోవాలి. అక్కడికి కోయంబత్తూరు దాకా రైల్లోనో విమానంలోనో వెళ్ళి, కొండకు టాక్సీ మాట్లాడుకోవడమే నయం.

కిరాయి కారు తీసుకుంటే ఈ బాధ లేదనుకునే వాళ్ళకు ఒక మాట. కిలోమీటరు రేటూ బత్తా మాట్లాడేటప్పుడు, ముందు రాత్రి ఆ డ్రైవరు ఎక్కడ తిరిగొచ్చాడో ఎవరూ అడగరు. పొద్దున్నే శంషాబాదు నుంచి వచ్చి సాయంత్రం మన ఇంటి ముందు నిలబడ్డవాడు కావచ్చు. మనం లాడ్జిలో పడుకుంటే అతను కారు సీటు వెనక్కి వాల్చుకుని, దోమల మధ్య, అద్దం సందు తెరిచి పడుకుంటాడు. గదులు మాట్లాడేటప్పుడే అతనికీ ఒక మంచం, ఒక ఫ్యాను, స్నానానికి నీళ్ళు ఉన్నాయో లేవో అడగాలి, లేకపోతే మరో లాడ్జి చూడాలి. ఆ కొద్దిపాటి డబ్బు బయల్దేరే ముందు వేసుకున్న ఖర్చుల కాగితంలో పెట్రోలు పక్కనే రాసుకోవాలి.