రేవు, కోట, కావ్యం: హరవిలాస అవతారికలో సముద్రం

సాహిత్యచరిత్రలలో కొండవీడు ఒక గిరిదుర్గం. అది ఒక రేవును నమ్ముకొని బతికిన రాజధాని అన్న సంగతి విమర్శలో అంతగా కనిపించదు. నేటి చిలకలూరిపేటకు ఉత్తరాన కోట ఉండగా, దక్షిణాన చీరాలకు సమీపంలో మోటుపల్లి రేవు ఉంది. శ్రీనాథుని ‘హరవిలాసం’ అవతారికను ఈ రెండింటి నడుమ నిలిపి చదవవలసి ఉంది.

హరవిలాస కృతిభర్త అవచి తిప్పయశెట్టి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. అతడు తెప్పించిన సరుకులను శ్రీనాథుడు దేశనామాలతో సహా ఏకరువు పెడతాడు. సింహళం నుండి ఏనుగులు, హురుమంజి నుండి గుర్రాలు, చీనా నుండి పట్టువస్త్రాలు, పంజారం నుండి కర్పూరవృక్షాలు వచ్చాయంటాడు. పంజారాన్ని పంజాబుగా చదవడం పొరపాటు. కర్పూరానికి పేరుపొందిన సుమత్రా పడమటి తీరపు ఫంసూరుగా గుర్తించడమే సమంజసం. చరిత్రకారులు ఈ పద్యాన్ని విదేశవాణిజ్యానికి సాక్ష్యంగా పదేపదే ఉదహరించారు. అయితే అది స్తుతిపద్యం. స్తుతి ఏమి చెబుతుందో ఎంత ముఖ్యమో, ఏమి దాటవేస్తుందో కూడా అంతే ముఖ్యం.

దాటవేసినదేమిటో తెలియడానికి మోటుపల్లి వీరభద్రాలయంలోని గణపతిదేవుని అభయశాసనం (శక 1166, క్రీ.శ. 1244–45) తోడ్పడుతుంది. గాలివానకు చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును, అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా, పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారని ఆ శాసనం ఒప్పుకుంటుంది. ఇకపై నియతమైన కూపశుల్కం తప్ప మరేదీ తీసుకోమని అభయమిస్తుంది. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలకు విడివిడిగా రేట్లున్నాయి. ఆ శతాబ్ది చివరలో మార్కోపోలో ‘ముత్‌ఫిలి’ పేరుతో వర్ణించిన రాజ్యం పేరు ఈ రేవు పేరే.

రెండు పట్టికలలోనూ సరుకులు ఇంచుమించు ఒకటే. శాసనంలో రేట్లున్నాయి, తుఫాను ఉంది, దోపిడీ జ్ఞాపకం ఉంది. కావ్యంలో ఆ మూడూ లేవు. సరుకు సముద్రం దాటినట్లు కాక, వర్తకుని సంకల్పమాత్రాన వచ్చి వాలినట్లుంటుంది. సింహళం, సుమత్రా వంటి ద్వీపాలు మనుషులున్న చోట్లుగా కాక వస్తువుల పేర్లకు విశేషణాలుగా మిగిలిపోయాయి.

అట్లాంటిక్ తీరపు కావ్యం ఒకటి ఇక్కడ పోలికకు వస్తుంది. వాస్కో డ గామా 1497–98 యాత్రను కమోయిన్స్ ‘లూసియాడ్స్’ (1572)లో పాడాడు. గోవా దాకా స్వయంగా ప్రయాణించిన ఆ కవికి తుఫాను కథావస్తువు. నావికులకు బహుమానంగా ఒక ద్వీపాన్నే కల్పించి ఇచ్చాడు. లిస్బన్ తన ఉనికిని ఓడలో చూసుకుంది. అందుకని ఆ కావ్యం నిర్దోషి కాదు. అది సామ్రాజ్యగర్వం నిండిన రచన. శ్రీనాథునిలో ఆ జయోత్సాహం లేదు, ఓడవాని శ్రమా లేదు.

అయితే వర్తకలోకం కావ్యంలో అవతారికతోనే ఆగిపోలేదు. తొలి కథానాయకుడైన చిరుతొండనంబి తమిళ పెరియపురాణంలో సేనాని. తెలుగు శైవసంప్రదాయంలో అతడు సిరియాలశెట్టి. సేనానిని కాదని శెట్టి కథతో కావ్యం ఆరంభించడం కృతిభర్త కులవృత్తికి అద్దం పట్టే ఎంపిక. సర్వస్వాన్నీ అతిథికి సమర్పించే వర్తకుడు భక్తికి ప్రమాణమైనప్పుడు, లాభం ప్రశ్న వెనుకబడుతుంది. అవతారికలోని మౌనానికి, కథలోని త్యాగానికి సంబంధం ఇక్కడే ఉంది.

మోటుపల్లి వర్తకులకు అనవోతారెడ్డి 1358లో అభయాన్ని మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. హరవిలాస రచన దాని తరువాతిది. ఆ మధ్యకాలంలో సముద్రం శాంతించలేదు. కావ్యంలో దాని హోరు మాత్రం వినిపించదు.