రాక్షసుడి బొమ్మ కింద టికెట్ రేటు

ఈ వారం ఒక వెబ్‌సైట్ నా ఓపికకు పరీక్ష పెట్టింది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు ఆడే కుర్రాళ్లు హైదరాబాద్‌లో రెండు రోజులు ఒకచోట చేరుతున్నారని మా అక్క కూతురు లింకు పంపింది. ఫోన్లో తెరిస్తే ముందు పొగ, పొగలోంచి కోట. కోట మీద డ్రాగన్ లేచి నిప్పు కక్కేదాకా వేలితో ఎంత తోసినా తెర కదలదు. ఆ తర్వాత పాత కాగితం రంగు మీద లేత గోధుమరంగు అక్షరాలు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత? మూడింటిలో ఒక్కటీ కనబడలేదు.

అక్షరం విషయంలో నా పట్టుదల మీకు తెలిసిందే. మెరూన్ శుభలేఖల మీద బంగారు అక్షరాలతో ఈ కాలమ్‌లోనే ఎన్నిసార్లు పోట్లాడానో! మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5కు 1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలే చెబుతున్నాయి. అక్షరాలు సరిచేసి, డ్రాగన్‌ను తీసెయ్యమని చెప్పాలనిపించింది.

వివరాలు ఎలా ఇవ్వాలో చూడమని అమ్మాయికి జెన్ కాన్ వాళ్ల ఆటల పట్టిక పంపాను. 1968లో గ్యారీ గైగాక్స్ విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఒక హాలు అద్దెకు తీసుకుని మొదలుపెట్టిన జాతర అది. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో నాలుగు రోజులు జరుగుతుంది. ప్రతి ఆటకూ రోజు, గంటలు, ఎంతమందికి చోటు, టికెట్ రేటు, ఎంత అనుభవం కావాలి, అన్నీ ఉంటాయి. ఎప్పుడూ ఆడనివాళ్లు కూడా రావచ్చనీ, నియమాలు అక్కడే నేర్పిస్తారనీ కొన్నిటికి రాసి ఉంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి మాత్రం, "రైల్వే టైంటేబుల్‌లా ఉంది మామయ్యా, ఇది చూసి ఆడాలని ఎవరికనిపిస్తుంది?" అంది.

ఆ మాటతో నాకు సురభి వాళ్లు గుర్తొచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబాలవి. మా ఊళ్లో పాక వేస్తే పొద్దున్నే రిక్షా, మైకు, వెనక కరపత్రాల కోసం పిల్లల పరుగు. గులాబీరంగు పల్చటి కాగితం, చేతికంటుకునే సిరా. 'మాయాబజార్' అయితే సగం కాగితం ఘటోత్కచుడిదే. మీసం, గద, గుడ్లురిమే చూపు. ఆ గద కిందే లావు అక్షరాల్లో రాత్రి ఎన్ని గంటలకు, ఏ మైదానంలో, నేల, బెంచీ, కుర్చీ రేట్లు. చివర 'స్త్రీలకు ప్రత్యేక స్థలము'. ఆ కాగితం చూసే మా అమ్మమ్మ పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని బయల్దేరేది. బొమ్మ లేకపోతే ఆవిడ ఆ కాగితం అందుకునేది కాదు. చివరి పంక్తి లేకపోతే ఇల్లు కదిలేది కాదు.

అసలు డన్జన్స్ అండ్ డ్రాగన్స్ నడిచే తీరే అది. ఆట నడిపించే డన్జన్ మాస్టర్ ముందు ఓ దృశ్యం చెబుతాడు: చీకటి గుహ, లోపల ఏదో ఊపిరి. చెప్పి ఆగుతాడు. "ఇప్పుడేం చేస్తావు?" అని అడుగుతాడు. ఆటగాడు జవాబిచ్చాక, అవసరమైతే పాచిక. కుర్రాళ్ల డ్రాగన్ ఆ మొదటి దృశ్యమే. అది ఉండి తీరాలి. కానీ ఆ సైటు చెబుతూనే ఉంది, ఎదుటివాడికి వంతు ఇవ్వడం లేదు.

అందుకే ఆ కుర్రాళ్లకు అమ్మాయితో చెప్పి పంపాను. డ్రాగన్ ఉండనీ, కదలని బొమ్మగా, తెరవగానే కనబడేలా. దాని కిందే తేదీ, చోటు, రేటు, కొత్తవాళ్లకు నేర్పిస్తామన్న మాట. ఆటల పట్టిక ఆ తర్వాత. ఇవన్నీ అక్షరాలుగానే ఉండాలి, బొమ్మలో కలిపెయ్యకూడదు. మాటతో, పాచికతో నడిచే ఆట ఇది, చూపు లేనివాళ్లూ హాయిగా ఆడగలరు. అక్షరాలైతే వాళ్ల ఫోను చదివి వినిపిస్తుంది. బొమ్మలో ఇరికిస్తే, వాళ్లకు ఆట జరుగుతోందన్న సంగతే తెలియదు.