పుసి కాదు, కణం కావాలి

పుట్టిన అయిదో రోజు నుంచి రెండు వారాల లోపు పసిబిడ్డ కళ్ళు వాచి పుసులు కడుతుంటే, పురుట్లో తల్లి నుంచి క్లమీడియా సోకిందేమో చూడాలి. ఆ పరీక్షలోని పనితనం గురించే ఈ పరిచయం.

క్లమీడియా ట్రకోమాటిస్ బాక్టీరియానే. కానీ బతికున్న కణం లోపల తప్ప పెరగదు. అందుకే పుసి మాత్రమే పంపితే చాలదు. ముందు దాన్ని తుడిచేసి, కింది రెప్పను మెల్లగా తిప్పి, లోపలి పొరను స్వాబ్‌తో రుద్ది కణాలు తీయాలి. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ దగ్గర ఆ పనికి ఒడుపూ కావాలి, ఓపికా కావాలి.

1907లో జావాలో హాల్బర్‌స్టాటర్, ప్రోవాచెక్ గీమ్సా రంగు వేసి, కణంలో కేంద్రకం పక్కన గుంపుగట్టిన ఈ జీవిని చూశారు. 1950లలో బీజింగ్‌లో టాంగ్ ఫేఫాన్ కోడిగుడ్డు పచ్చసొన సంచిలో దాన్ని పెంచారు. ఆ తర్వాత ల్యాబులో పెంచే మెక్కాయ్ అనే కణాల్లో పెంచి, రెండు మూడు రోజులకు అయోడిన్‌తో గోధుమరంగు మచ్చలుగా పట్టుకున్నారు.

ఇప్పుడు న్యూక్లియిక్ ఆమ్ల పరీక్షదే పైచేయి. ఒక్కో జీవిలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ప్రతులు చాలా ఉంటాయి కాబట్టి పలు కిట్లు దాన్నే వెతికేవి. 2006లో స్వీడన్‌లో, ప్లాస్మిడ్‌లో 377 డీఎన్ఏ అక్షరాలు ఊడిన రకం బయటపడింది. సరిగ్గా ఆ ముక్కనే వెతికే కిట్లకు అది దొరకలేదు. ఆ దెబ్బతో రెండు చోట్ల వెతికే కిట్లు వచ్చాయి. టీబీకి వాడే సీబీనాట్ యంత్రంలోనే క్లమీడియా కార్ట్రిడ్జ్ పెడితే గంటన్నరలో ఫలితం తేలుతుంది.

పెద్దల నమూనా తేలిక. స్త్రీలు యోని స్వాబ్ తామే తీసుకోవచ్చు. మగవాళ్ళు గంటసేపు ఆపుకుని, మూత్రంలో మొదటి 20–30 మిల్లీలీటర్లు పట్టివ్వాలి. మందు వాడిన నాలుగు వారాల లోపు మళ్ళీ పరీక్షిస్తే చచ్చిన జీవి డీఎన్ఏ కూడా పాజిటివ్ చూపవచ్చు.

సుఖవ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో లక్షణాలను బట్టి అజిత్రోమైసిన్, సెఫిక్సీమ్ ఉన్న బూడిదరంగు కిట్ ఇస్తారు. అయితే క్లమీడియా సోకిన స్త్రీలలో చాలామందికి లక్షణాలే ఉండవు. వాళ్ళను పట్టేది ల్యాబే. ల్యాబుకు సరైన నమూనా పంపేవాళ్ళు కావాలి. తెలంగాణలో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడ చదివే పిల్లలు ముందుగా నేర్వాల్సింది ఆ రెప్ప తిప్పే ఒడుపు. బిడ్డ స్వాబ్ పాజిటివ్ వస్తే కంటి చుక్కలతో సరిపోదు, కడుపులోకి మందు పడాలి. తల్లికీ తండ్రికీ కూడా చికిత్స చేయాలి. ఒక్క స్వాబ్ సరిగా తీస్తే ముగ్గురి జబ్బు బయటపడుతుంది.